నా గడ్డకు వేసిన రంగు

ఛాతీలో పెరిగిన గడ్డ ఏ జాతిదో పెద్ద డాక్టర్ల కంటే ముందే కనిపెట్టిన మనిషి ఆదిలాబాద్ జిల్లా మొత్తంలో నేనొక్కణ్నే. ఈ మాట చాలా పెళ్లిళ్లలో చెప్పాను.

తొంభైల మొదట్లో సంగతి. జిన్నింగు మిల్లులో పత్తి చూసి రకం చెప్పడం నా పని. రైతు బండిలో పైపొర ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి పిడికెడు లాగి, పింజ సాగదీసి పోగు పొడుగెంతో చూసేవాణ్ని. ఆ రోజుల్లోనే దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నడుమ నిమ్మకాయంత నీడ కనిపించింది. హైదరాబాద్ పొమ్మంటే నేనూ నా భార్యా పోయాం.

అక్కడ సూదితో ముక్క తీశారు. మైక్రోస్కోపులో చూసినా తేలలేదు. రెండు జాతుల గడ్డలు ఒకే తీరుగా కనబడతాయట. ఒకటైతే మందులకు కరుగుతుంది. రెండోదైతే ఇంటికి తీసుకుపొమ్మంటారు. అదేదో తేలాలంటే ముక్కకు రంగు పరీక్షలు చెయ్యాలన్నాడు డాక్టరు.

నాకు ఒళ్లు మండింది. మా వ్యాపారంలో సరుకుకు రంగు వేసేవాడు మోసగాడు.

"సారూ, రంగేసినంక అసలు సరుకు ఎట్ల తెలుస్తది? ఉన్నది ఉన్నట్టు చూడున్రి," అన్నాను.

ఒక్కో మందు ఒక్కో జాతి కణానికే అంటుతుందనీ, అంటిన చోటే గోధుమ రంగు తేలుతుందనీ, ఆ రంగే జాతిని పట్టిస్తుందనీ ఆయన ఓపికగా చెప్పాడు. వారానికి ఫలితం వచ్చింది. కరిగే రకమే.

పెళ్లిళ్లలో మాత్రం డాక్టరు నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టినట్టు, నేను ఒంటికన్నుతో చూసి "కరిగే రకం" అని తేల్చినట్టు చెప్పేవాణ్ని. నిజానికి ఆ గది తలుపు కూడా చూడలేదు. అయితే డాక్టరు చెప్పింది విని ఒప్పుకున్నది, ఆ వారమంతా నిబ్బరంగా ఉన్నది మాత్రం నేనే.

ఇంతవరకు రాసి, చిక్కుడుకాయలు తుంచుతున్న నా భార్యకు చదివి వినిపించాను. ఆమె తల ఎత్తలేదు.

"గా మాటా అబద్ధమే. రంగు వద్దని నువ్వు బస్టాండు తొవ్వ పడితివి. చెయ్యున్రి సారూ అని నేనన్న. వారం దినాలు నా కొంగు పట్టుకొని ఏడిస్తివి. గడ్డ జాతి చెప్పింది సారు. నువ్వు కనిపెట్టింది ఒక్కటే, దవాఖాన దూది పింజ పొట్టిదని."