అందని చెవి

మడివాళ మార్కెట్లో ఆకుకూరల సొన్నమ్మకు ఎదురు మాట్లాడినవాళ్ళు తక్కువ. చదివింది రెండో తరగతి. అయినా, "మా రంజితను ఒక ఏడు ముందే ఇస్కూల్లో ఏసినదాన్ని నేను" అనే మాట లేకుండా ఆమె అంగట్లో కొత్తిమీర కట్ట కదిలేది కాదు. తల్లి పోతే ఆమే పెంచిన ఆ మనవరాలు ఇప్పుడు డాక్టరేట్ పుచ్చుకుంది. చక్కెర జబ్బువాళ్ళ పాదం పుండు పడకముందే కూతపెట్టి హెచ్చరించే, చెప్పులో పరిచే మెత్తటి అట్ట ఒకటి తయారుచేస్తోంది. దాన్ని మొదట తొడిగింది సొన్నమ్మ కాలికే.

నెలాఖరుకు రంజితకు ల్యాబ్‌లో పని ముగుస్తుంది. ఈలోగా ఫెలోషిప్ దొరక్కపోతే ఆ అట్ట అటకెక్కాల్సిందే. అప్లికేషన్‌కు ఆ సాయంత్రం ఐదింటితో గడువు సరి. మూడింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న రంజిత ఉన్నట్టుండి చేతులు తీసేసింది.

"అవ్వా, నాకు ముప్పై ఐదు దాటిందంట. ఫారం తీసుకోదంట."

"యాడ దాటిందే? కార్తీకంలో కదా పుట్టినావు!"

"మార్క్స్ కార్డులో జూన్ ఒకటని ఉండాది. ఎవరు చెప్పినారు ఆ తేదీ?"

సొన్నమ్మ తోటకూర కట్టను ముందుకు లాక్కుంది. హెడ్‌మాస్టరు జయరామప్ప పోయి పదేళ్ళయింది. పోయినవాడి మీద వేస్తే కాదనేదెవరు?

"ఆ హెడ్‌మాస్టరే రాసుకున్నాడు" అనేసింది.

రంజిత ల్యాప్‌టాప్ మూసేసింది. తిట్టినా బాగుండేది. గడియారం ముల్లు మూడున్నర దాటేదాకా సొన్నమ్మ తోటకూర కాడలు తుంచుతూనే ఉంది, ఒలిచినవీ ఒలవనివీ కలిపేసి.

"నేనే చెప్పినా" అంది చివరికి. "తల మీదుగా చెయ్యేసి అవతలి చెవి అందుకుంటేనే ఐదు నిండినట్టు, అప్పుడే చేర్చుకుంటా అన్నాడు. నీకు అందలే. తల పక్కకు వంచి అందించినా. అంగడి కాడ ఎండలో నిన్ను పెట్టుకోలేక, ఐదు నిండినాయని అబద్ధమాడినా."

"ఇన్నేళ్ళూ దాన్నే గొప్పగా చెప్పుకున్నావా!"

"చెప్పుకున్నా. ఇప్పుడు తిట్టు, పడతా. తిట్టినాక వెతుకు. మార్కెట్టంతా కలిపి ఒక్క అంగడే ఉంటుందా?"

రంజిత తిట్టలేదు, వెతికింది. "ఇంకో ఫెలోషిప్ ఒకటుండాది. దానికి వయసుతో పనిలేదు, డాక్టరేట్ వచ్చి ఐదేళ్ళు దాటకుంటే చాలు. గడువు ఈ పొద్దే, ఆరింటికి. కానీ ఆ వస్తువు వాడినవాళ్ళు ఏ భాషలోనైనా సొంత చేత్తో రాసియ్యాలంట. ముందు చూసినప్పుడు అందుకే వదిలేసినా."

"వాడింది నేను కాదా?"

"నువ్వే, కానీ నీకు..."

"రాసేది రాదని అను, ఊ! రెండో తరగతి అక్షరాలను గొడ్డు మేసిందా? కాగితం ఇటియ్యి."

ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది: "నాకు కాళ్ళు తిమ్మిరి. ఏలు కింద ఏడిగా ఉందని ఈ అట్ట చెప్పింది. డాక్టరు చూసి నిజమే అన్నాడు. వానలో రెండుసార్లు ఊరికే అరిచింది."

వెనక నుంచి చూస్తున్న రంజిత అవ్వ చెయ్యి పట్టుకుంది. "ఆ చివరి మాట తీసెయ్ అవ్వా."

"ఉండనీ. నీ పేరు మీద నా అబద్ధం ఒకటి చాలు."

మిగతాదంతా నింపి, ఉత్తరం ఫోటో తీసి పంపేసరికి ఆరుకు పది నిమిషాలు. తెరమీద చక్రం తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. 'అందింది' అని వచ్చాకే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పక్కంగడి కమలమ్మ ఎకసెక్కంగా అడిగింది: "ఏమక్కా, ఏడు ముందే ఇస్కూలుకు పోయిన మనవరాలు ఎట్లుండాది?"

"అబద్ధమాడి ఏసినాలే అమ్మీ" అంది సొన్నమ్మ, కట్ట మీద నీళ్ళు చల్లుతూ. "చదివింది మటుకు నిజం."