లామినేషన్‌లో ఇరుక్కున్న అమెరికా స్టాంపు

2023 వానాకాలం. వికారాబాద్ బస్టాండ్ దగ్గర నా జిరాక్స్ షాపు. పదిహేనేళ్లుగా జిరాక్సులు తీస్తూ, లామినేషన్లు చేస్తూ బతుకుతున్నాను. మా వైపు జనానికి ఏ కాగితమైనా విలువైనదనిపిస్తే దాన్ని ప్లాస్టిక్‌లో పెట్టించేదాకా నిద్ర పట్టదు. ఆధార్ కార్డు, పదో తరగతి మెమో సరే, పెళ్ళి శుభలేఖ చేయించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నేను చేసే ప్రతి లామినేషన్‌లో వెనకవైపు మా షాపు పేరున్న చిన్న చీటీ పెట్టి మరీ నొక్కుతాను. ఖర్చు లేని ప్రచారం.

ఆ ఏడే నాకు పాత స్టాంపుల పిచ్చి పట్టింది. హైదరాబాద్ నుంచి వంద విదేశీ స్టాంపుల ప్యాకెట్ ఒకటి, ఒక భూతద్దం తెప్పించుకున్నాను. ఆరు నెలలు ఫోనులో చదివి, ఇక నాకు అంతా వచ్చేసిందనుకుని, "పాత స్టాంపులు చూసి విలువ చెప్పబడును" అని షాపు ముందు బోర్డు పెట్టేశాను.

వారం తిరక్కుండానే తాండూరు నుంచి మహబూబ్ భాయ్ వచ్చాడు. నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో మెషిన్ మీద పని చేస్తాడు. కనుబొమ్మల మీద రాతి పొడి ఇంకా అలాగే ఉంది. కౌంటర్ మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి మడిచిన కాగితం. రెండోది లామినేషన్ చేసిన పచ్చ రంగు అమెరికా స్టాంపు. దాని మీద బట్టతల పెద్దాయన బొమ్మ.

"అక్కా, గీ కాగితం రెండు జిరాక్సులు తియ్యి. గీ స్టాంపు రేటెంతనో చెప్పు."

కాగితం విప్పితే రాజీనామా. పద్నాలుగేళ్ల ఉద్యోగం మానేస్తున్నట్టు యజమానికి రాసిన ఉత్తరం. సంతకం ఒక్కటే తక్కువ.

"ఏమైంది భాయ్? కొట్లాడినవా?"

"లేదక్కా. గిసొంటి స్టాంపుకు కోట్లు వస్తయని వీడియోల చెప్పిన్రు. ఇంక రాళ్ళు రుద్దుడు ఎందుకు? నువ్వు చెప్పినంకనే సంతకం పెట్టుమన్నది మా ఇంటామె."

నా ఒక్క మాట మీద ఒక మనిషి ఉద్యోగం ఆగి ఉందని తెలిసేసరికి భయమేసింది. ఆ భయం బయటపడకుండా ముందు కోపం తెచ్చుకున్నాను.

"స్టాంపును ఎవడన్న లామినేషన్ చేస్తడా? వేడికి జిగురు కాగితంలకు దిగుతది. మళ్ళ ఊడదు. ఎంత అసలుదైనా కొనెటోడు ముట్టడు. ఎవడా తెలివి తక్కువోడు?"

మహబూబ్ భాయ్ స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు. మెల్లగా దాన్ని తిరగేసి పెట్టాడు. వెనక మా షాపు చీటీ ఉంది.

పాత సామాన్ల దుకాణంలో కొన్న ఇంగ్లీషు డిక్షనరీలో ఆ స్టాంపు దొరికిందట. రెండేళ్ల కింద కలెక్టర్ ఆఫీసు పని మీద వచ్చినప్పుడు ఆధార్‌తో పాటు దాన్నీ నాకే ఇచ్చాడు. "నూరేండ్లు ఖరాబ్ కాదంటివి గదక్కా," అన్నాడు. అనే ఉంటాను. అందరితోనూ అంటాను.

అక్కడి నుంచి ఇద్దరం మొక్కులు మొదలుపెట్టాం. ఆ స్టాంపు అరుదైనది కావాలని అతను, కాకూడదని నేను.

స్టాంపు అంచున పళ్ళలా ఉండేదాన్ని పర్ఫరేషన్ అంటారు. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెడితే రకం తెలుస్తుంది. పై అంచు పదకొండు. పక్క అంచు పదకొండు. నేను చదివినదాని ప్రకారం అరుదైన రకానికీ పదకొండే. ఇక మిగిలింది ఒక్కటే తేడా. అరుదైనది వేరే తరహా మెషిన్ మీద అచ్చయింది కాబట్టి బొమ్మ అర మిల్లీమీటరు పెద్దగా ఉంటుంది.

స్కూలు స్కేలు పెట్టి కొలిస్తే ఒకసారి ఎక్కువ వచ్చింది, ఒకసారి తక్కువ. మధ్యలో ఒకామె రేషన్ కార్డు పట్టుకుని, "జల్ది గానియ్యమ్మా, మోమిన్‌పేట్ బస్సు పోతది," అని ఒకటే గోల. ఆమెను పంపించాక నా ప్యాకెట్ గుర్తొచ్చింది. తీసి చూస్తే అందులో అదే పెద్దాయన, అదే పచ్చ రంగు, అదే పదకొండు. ఒకటి కాదు, మూడు. పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

"భాయ్, గిది మామూలుదే. చాయ్ పైసలు గూడ రావు."

నాకు ప్రాణం లేచొచ్చింది. అతని ముఖం చూశాక అందుకు సిగ్గు కూడా వేసింది. అతనే అడిగాడు, "ఒకవేళ అసలుదే అయ్యుంటే?"

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "నా మెషిన్ల పెట్టిననాడే దాని పని ఖతం, భాయ్. తప్పు నాదే."

"అయితే గిదే నయం. అసలుదైతే మా ఇంటామె వచ్చి నీ షాపు ముంగట్నే కూసుంటుండె," అని నవ్వి, రాజీనామా కాగితం నా ముందుకు తోశాడు. "జిరాక్స్ వద్దు. లామినేషన్ చెయ్యి."

పదిహేనేళ్లలో మొదటిసారి, మెషిన్ వేడెక్కకముందే అడిగాను. "మళ్ళ బయటికి తియ్యరాదు భాయ్. జర సోచాయించు."

"దాని మీద సంతకం ఎక్కుతదా?"

"ఎక్కదు."

"గదే గావాలె. ఇంకో వీడియో చూసిననాడు పనికొస్తది."

చేసిచ్చాను. వెనక చీటీ కూడా పెట్టాను. యజమాని కంట పడకుండా ఆ కాగితాన్ని టిఫిన్ సంచి అడుగున పెట్టుకుని ఇప్పటికీ రోజూ పనికి పోతున్నాడట.

ఆ సాయంత్రమే బోర్డు దింపేశాను. ఎవరు ఏ కాగితం ఇచ్చినా, దీన్ని మళ్ళీ బయటికి తీసే పని పడుతుందా అని అడగడం అప్పుడే నేర్చుకున్నాను. అలాంటి పని ఎప్పటికీ పడకూడదనే చేయించుకున్నవాడు మాత్రం మహబూబ్ భాయ్ ఒక్కడే.