ఉత్తరం వైపు తలగడ

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు. జావా నేర్పుతారు, జర్మన్ నేర్పుతారు, ఇంటర్వ్యూలో కుర్చీ అంచున ఎంత మేర కూర్చోవాలో కూడా నేర్పుతారు. ఈమధ్య నిద్రపోవడం నేర్పుతున్నారు. మెట్రో స్తంభానికి అంటించిన కాగితం కళ్ళారా చూశాను: ‘గాఢనిద్రకు శిక్షణ, మొదటి క్లాసు ఉచితం’. మా పేటలో ఏ క్లాసులో కూర్చున్నా నిద్ర ఎలాగూ వస్తుంది, దానికి వేరే సిలబస్ ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఫోన్ తెరిస్తే ఇంకో డజనుమంది నిద్ర పంతుళ్ళు. గది చీకటిగా ఉంచుకోండి, చల్లగా ఉంచుకోండి, నిశ్శబ్దంగా ఉంచుకోండి అంటారు. అమీర్‌పేటలో నిశ్శబ్దం ఏ షాపులో దొరుకుతుందో మాత్రం ఒక్కడూ చెప్పడు.

మా ఆవిడకి ఈ పాఠాలేవీ అవసరం లేకపోయింది. ఆవిడ నిద్ర పుట్టుకతో వచ్చిన ఆస్తి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కదా, ఆ చివరిదాకా మెలకువగా ఉండే ఓపిక ఆవిడకి ఏనాడూ లేదు. “రేపు మీ అక్కయ్యగారింటికి మనం...” అని మొదలుపెట్టి నిద్రపోయేది. వెళ్తున్నామో, మానుకుంటున్నామో, అసలు వాళ్ళనే రమ్మంటున్నామో తెలియక నేను తెల్లవార్లూ దొర్లేవాణ్ణి. బల్కంపేట బోనాల డప్పులు మా సందులోంచి సాగినప్పుడు పార్కింగులో ఉన్న కార్లన్నీ ఒక్కపెట్టున కూతలు పెట్టాయి. మా ఆవిడ మాత్రం ఇటు నుంచి అటు తిరిగి పడుకుంది.

ఆ నిద్ర ఆవిడకి విలాసం కాదు. రోజూ పొద్దున స్కూటర్ మీద పంజాగుట్ట చౌరస్తా దాటి లక్డీకాపూల్‌లో ఉన్న ఆఫీసుకి వెళ్ళాలి. పంజాగుట్ట చౌరస్తాలో బస్సులు మనుషుల్ని చూడవు, ఆటోలు బస్సుల్ని చూడవు, బైకుల వాళ్ళు దేవుణ్ణి తప్ప ఇంకెవర్నీ చూడరు. అక్కడ రెప్పవేస్తే ఆ రెప్ప మళ్ళీ లేస్తుందన్న హామీ లేదు. మరి మెట్రో ఉంది కదా అంటారు. మెట్రో మెట్లకీ ఆవిడ మోకాళ్ళకీ మొదటి రోజు నుంచే మాటల్లేవు.

ఇంత చక్కటి నిద్రని తగలబెట్టినవాడు మా బావమరిది. విజయవాడ నుంచి ఏదో ఆఫీసు పని మీద వచ్చి మా ఇంట్లో దిగాడు. చేతిలో కొత్త ఫోను. అది గుండె చప్పుడు లెక్కపెడుతుందట, చంద్రుడి మీద గుంతలు చూపిస్తుందట, దిక్కులు చెబుతుందట. దిక్కులు నాలుగే కాబట్టి ముందు ఆ ముచ్చట తీర్చుకుందామని మా పడగ్గదిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు పిడుగు పడ్డట్టు అరిచాడు.

“అక్కా! నువ్వు ఉత్తరం తల పెట్టి పడుకుంటున్నావే!”

ఉత్తరం వైపు తల పెట్టకూడదన్న సంగతి మా ఇళ్ళలో పాలుతాగే పసివాళ్ళకి కూడా తెలుసు. మా ఆవిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

“చాల్లేరా, అది దక్షిణం. మేం చూసుకునే వేశాం మంచం.”

“ఫోన్ చెబుతోంది అక్కా.”

“నీ ఫోన్‌కి విజయవాడ నీళ్ళు పడి ఉంటాయి,” అన్నాను నేను. “సూర్యుడు రోజూ పొద్దున మా వంటింటి కిటికీలోంచి వస్తాడు. అది తూర్పు. మిగతావి నువ్వే లెక్కేసుకో.”

మర్నాడు పొద్దున్నే వాణ్ణి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి సూర్యుణ్ణి చూపించాను. వేళకి వచ్చే ఉద్యోగిలా వచ్చాడాయన, పోపులడబ్బా మీద ఎండ పరిచాడు. మా బావమరిది కిటికీలోంచి మెడ బయటికి పెట్టి చూసి, లోపలికి లాగి, ఎంతో జాలిగా నా భుజం మీద చెయ్యి వేశాడు.

“బావగారూ, అది సూర్యుడు కాదు. అద్దం.”

నిజమే. మా వంటింటికి ఎదురుగా, చెయ్యి చాపితే కొత్తిమీర అందించుకునేంత దూరంలో, నిలువెల్లా అద్దాలు తొడుక్కున్న కోచింగ్ బిల్డింగు ఉంది. సూర్యుడు మా వెనకాల ఎక్కడో లేచి దాని అద్దాల మీద పడి, అక్కణ్ణించి తిరిగి మా కిటికీలోకి వస్తున్నాడు. సాయంత్రం అసలు సూర్యుడు ఆ బిల్డింగు వెనకాలే దిగిపోతాడు కాబట్టి మాకెప్పుడూ కనిపించలేదు. అంటే మేం ఈ ఫ్లాటులోకి వచ్చిన నాటి నుంచీ పడమరని తూర్పనుకుంటున్నాం. ఆ లెక్కన మా దక్షిణం ఉత్తరమైంది. మా ఆవిడ ఏళ్ళ తరబడి స్నానం చేసి, చెంబుతో నీళ్ళు వదిలి, దణ్ణం పెట్టింది సూర్యుడికి కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుకి.

ఎందుకైనా మంచిదని టెర్రస్ మీదికి పరుగెత్తాను. పై అంతస్తులో ఉండే అసోసియేషన్ ప్రెసిడెంటు పళ్ళు తోముకుంటూ పచార్లు చేస్తున్నాడు.

“ఏంది సార్, పొద్దుగాల పొద్దుగాల ఏం దేవులాడుతున్నరు?”

“సూర్యుణ్ణి, అన్నా.”

“గాయన ఇటు దిక్కున ఉంటడు గద!” అని వాటర్ ట్యాంకుల వైపు బ్రష్షు చూపించాడు. “ఏం, మీరు ఇన్నొద్దులు అటు మొక్కుతున్నరా?” నేను ఏమీ అనకముందే విషయం గ్రహించి, నురగ మీసాల దాకా పొంగేలా నవ్వి, టిఫిన్ల వేళకి బిల్డింగంతా చాటాడు.

ఆ రాత్రి నుంచి మా ఆవిడకి నిద్ర లేదు. నేను తర్కంతో లొంగదీద్దామనుకున్నాను. “ఇన్నేళ్ళు అలాగే పడుకున్నావు, ఏమైంది? ఏమీ కాలేదుగా?”

“ఏమీ కాలేదా?” అని లేచి కూర్చుంది. “మీ జుట్టు ఎప్పుడు పోయింది? ఈ ఇంటికి వచ్చాకేగా? నా మోకాళ్ళు ఎప్పుడు పట్టేశాయి? మనమ్మాయికి లెక్కల్లో మార్కులు ఎప్పుడు తగ్గాయి? మీ ప్రమోషన్ ఎవడికి వెళ్ళింది?”

“నా ప్రమోషన్ మా మేనేజరు తోడల్లుడికి వెళ్ళింది. దానికీ తలగడకీ ఏంటి సంబంధం?”

“అదే మరి. అతను దక్షిణం తల పెట్టుకుని ఉంటాడు.”

దీంతో మా కాపురం చరిత్ర మొత్తం తిరగరాయడం అయిపోయింది. పాలు విరిగిన రోజుల దగ్గర నుంచి గ్రైండరు కాలిపోయిన పండగ దాకా ప్రతిదానికీ ముద్దాయి ఒక్కటే, తలగడ.

తలగడలు అటు నుంచి ఇటు మారిస్తే పోయేదానికి ఇంత గొడవెందుకని మీరడగొచ్చు. నేనూ అడిగాను. మంచం తలవైపు గోడకి అవతల, హాల్లో, మా పూజామందిరం ఉంది. తల దక్షిణానికి తిప్పితే కాళ్ళు దేవుళ్ళ వైపు వెళతాయి. ఉత్తరానికి తలా, దేవుడికి కాళ్ళా, ఏ తప్పు ఎంచుకోవాలి? పోనీ మంచం అడ్డంగా వేద్దామంటే బాత్రూం తలుపు జానెడు మించి తెరుచుకోదు. పిల్లిలా మంచం ఎక్కి, అవతలికి దూకి, సన్నని సందులోంచి స్నానానికి వెళ్ళాలి.

సలహాలు మొదలయ్యాయి. ఒకరు పాలలో జాజికాయ అన్నారు, ఒకరు అరికాళ్ళకి ఆవునెయ్యి అన్నారు, ఆఫీసులో ఆవిడ పక్కసీటు మనిషి రోజంతా కాఫీ మానెయ్యమని కాఫీ తాగుతూ చెప్పాడు. మా ఆవిడ అన్నీ చేసింది. నిద్ర రాలేదు గానీ ఆవిడ దగ్గర పాయసం వాసన వచ్చేది.

చివరికి వాస్తు పండితుణ్ణి పిలిచింది. ఆయన ఇత్తడి డబ్బీలో దిక్సూచి పట్టుకుని వచ్చాడు. ఇల్లంతా తిరిగి, వంటగది తప్పన్నాడు, గుమ్మం తప్పన్నాడు, మెట్లు తప్పన్నాడు, నన్ను చూసి కాసేపు ఆలోచించాడు. మా ఆవిడ మర్యాద కోసం గుత్తివంకాయతో భోజనం పెట్టింది. భోజనం అయ్యాక ఆయన పడగ్గదిలోకి నడిచాడు. “ఇక్కడ శక్తి ప్రవాహం ఎలా ఉందో పడుకుని చూడాలి తల్లీ,” అని మంచమెక్కాడు. ఉత్తరం వైపే తల పెట్టాడు. రెండు నిమిషాల్లో ఆయన గురక హాల్లో దేవుడి గంటని కదిలించింది. సాయంత్రం టీల దాకా ఆ మనిషి ఉత్తరాన్ని దున్నేశాడు.

లేపాక కళ్ళు నులుముకుంటూ, “నిద్ర కాదమ్మా, పరిశీలన,” అన్నాడు. మంచం కింద గిన్నెలో రాళ్ళుప్పు పెట్టమని చెప్పి వెళ్ళిపోయాడు.

“చూశావా? అంత పండితుడే ఉత్తరం తల పెట్టి సుఖంగా పడుకున్నాడు,” అన్నాను, గెలిచాననుకుని.

“ఆయనకేం, రాత్రికి వాళ్ళింటికి వెళ్ళి పడుకుంటాడు. రోజూ ఇక్కడ పడుకోవాల్సింది నేను,” అంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి, హెల్మెట్ తియ్యకుండా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది.

“ఏవండీ, పొద్దున పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నిద్రపోయానండీ.”

నేను నవ్వబోయి ఆగాను.

“ఎర్రలైటు పడిందని కాలు ఆనించాను. అంతే, తర్వాత తెలీదు. వెనకాల బస్సు హారన్‌కి లేచాను. అందరూ వెళ్ళిపోయారు, నా చుట్టూ ఖాళీ. అదే బండి కదులుతుండగా అయితేనో?”

ఆ రోజు దాకా తయారుచేసి పెట్టుకున్న వెక్కిరింతలన్నీ నా నోట్లోనే గడ్డకట్టాయి. మర్నాడు మోకాళ్ళని బతిమాలి మెట్రో ఎక్కించాను. మధ్యాహ్నం ఫోన్ చేసింది. లక్డీకాపూల్‌లో దిగాల్సిన మనిషి కిటికీకి తల ఆనించి, ఎల్.బి.నగర్‌లో చివరి స్టేషన్ దాకా వెళ్ళిందట. సెక్యూరిటీ వాళ్ళు లేపి పంపారట.

“అక్కడెలా పట్టింది నిద్ర?” అన్నాను.

“కూర్చుంటే తలకి దిక్కు ఉండదుగా,” అంది నీరసంగా.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ప్రెసిడెంటు ఎదురయ్యాడు. సంగతంతా చెప్పాను. ఆయన ఈసారి నవ్వలేదు.

“మేడంకు గిట్ల నిద్ర లేకుంటే కష్టం సార్. జర సోచాయించున్రి. దేవుని దిక్కు కాళ్ళు చాపొద్దు, కరెక్టే. గని మంచం జరుగకుంటే దేవుణ్ణే జరుపున్రి. ఆయనేమన్న అసోసియేషన్‌ల పర్మిషన్ అడుగుతడా?”

ఇంటి నిండా పండితులు తిరిగారు, ఫోన్ నిండా పంతుళ్ళు తిరిగారు, ఈ ముక్క ఒక్కడికీ తట్టలేదు. నాకు తట్టిందా అని అడక్కండి.

ఆదివారం పొద్దున ప్రెసిడెంటు లుంగీ ఎగ్గట్టి వచ్చాడు. మా ఆవిడ మంత్రాలు చదువుతుంటే మేమిద్దరం మందిరం ఎత్తాం. దేవుళ్ళని టీవీ గోడకి మార్చి అసలైన తూర్పు చూపించాం. టీవీ వెళ్ళి నా రాతబల్ల ఉన్నచోట కూర్చుంది. రాతబల్ల బాల్కనీలోకి, వాషింగ్ మిషన్ పక్కకి పోయింది. ఇప్పుడు నేను అక్కడే రాస్తాను. మిషన్ బట్టలు పిండేటప్పుడు నా అక్షరాలకి చలిజ్వరం వస్తుంది. మా ఇంట్లో అందరికీ దిక్కు దొరికింది, నాకు తప్ప.

“ఇగ పండుకోన్రి మేడం, ఫికర్ లేదు,” అని ప్రెసిడెంటు చేతులు దులుపుకుని వెళ్ళాడు.

భోజనాలయ్యాయి. మా ఆవిడ తలగడలు దక్షిణానికి మార్చింది. ఒకసారి గోడ వైపు చూసింది, ఒకసారి కాళ్ళ వైపు చూసింది, పడుకుంది. నేను గుమ్మంలో నిలబడి ఊపిరి బిగపట్టాను. కాసేపటికి ఆవిడ ఊపిరి బరువెక్కింది. కనుబొమల మధ్య ముడి విడింది. కింద హాస్టల్ పిల్లలు క్రికెట్ ఆడుతూ అవుటని, కాదని కొట్టుకుంటున్నారు. ఆవిడ కదల్లేదు.

అప్పుడు మంచం పక్కనున్న నా ఫోన్ మోగింది. ఒక్క గెంతులో వెళ్ళి అందుకున్నాను. విజయవాడ నుంచి బావమరిది.

“బావగారూ, తిప్పేశారా?”

“తిప్పేశాం,” అన్నాను గుసగుసగా.

“అక్క ఎలా ఉంది?”

“పడుకుంది.”

“చాలా సంతోషం. ఒక్క డౌటు బావగారూ. ఇప్పుడే ఒక వీడియో చూశాను. తల పెట్టిన చోట పైన దూలం ఉండకూడదట. బుర్ర మీద బరువు దిగుతుందట. మీకటువైపు దూలమేమైనా ఉందా?”

తలెత్తి చూశాను. ఉంది. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా, ఏనుగు నడుమంత దూలం, సరిగ్గా మా ఆవిడ నుదుటికి పైన. మా బిల్డింగూ, దాని మీది ట్యాంకులూ, ట్యాంకుల్లోని నీళ్ళూ మొత్తం దాని మీదే ఆనుకుని ఉన్నట్టుంది.

“లేదు,” అన్నాను.

“సరిగ్గా చూశారా?”

“చూశాన్రా. పలకలా నున్నగా ఉంది.”

“ఒక ఫొటో తీసి పంపండి.”

“కెమెరా పాడైంది.”

“పోనీ అక్కకివ్వండి, అక్క చూసి చెబుతుంది.”

మంచం కిర్రుమంది. మా ఆవిడ కళ్ళు తెరవకుండానే అడిగింది.

“ఎవరండీ?”

“క్రెడిట్ కార్డు ఇస్తారట.”

“వద్దని చెప్పండి,” అని తలగడని రెండు చేతులా దగ్గరికి లాక్కుని గోడ వైపు తిరిగింది.

“వద్దట,” అని చెప్పి ఫోన్ పెట్టేశాను.