వరహాలబాబు చూసి వచ్చిన కబురు

తిరుమలగిరి నుంచి సికింద్రాబాద్ వెళ్ళే సిటీబస్సు గోతిలో పడి లేచేసరికి, నా పాదం మీద ఒక గుడ్డసంచి దబ్బున పడింది.

"తగిలిందేటి బాబూ? సీసం అది," అన్నాడు పక్కసీటు ముసలాయన. సంచి మాత్రం తియ్యలేదు.

పోల్చుకోవడానికి కాస్త సేపు పట్టింది. వరహాలబాబు! బన్సీలాల్‌పేటలో 'పక్కవీధి' మాసపత్రిక నడిచిన రోజుల్లో సీసం అక్షరాలు పేర్చే కంపోజిటరు. నేను ఏ ఊరు తిరిగొచ్చినా ఆ పత్రికకి ఒక వ్యాసం ఇచ్చి, టీ తాగి పోయేవాణ్ణి.

"జీవరాజుగారు కులాసాయేనా?"

"సూసే వస్తన్నాను. పొద్దుట పోనారు." కిటికీ వైపు తిరిగాడు. "ఈ బస్సు మోండా కాడ ఆగుతాదా?"

జీవరాజు రైల్వే గుమాస్తా పని మానేసి పెట్టిన పత్రిక అది. ఏ పార్టీ నీడకీ, ఏ చర్చి నీడకీ పోలేదు. కథలూ, కూరలూ, మారిన బస్సు దార్లూ, చివరి పేజీలో నల్లగీతల మధ్య చావుకబుర్లూ ఉండేవి. మొదటి సంచిక నుంచీ పేర్చినవాడు, విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన ఈ వరహాలబాబే.

మన భాషలో చావుకి మాటల కొదవ లేదు. పీఠాధిపతులు సిద్ధి పొందుతారు, పెద్దలు కాలం చేస్తారు, మామూలువాళ్ళు పోతారు. కాశీ సత్రంలో ఒకాయన ఇలాంటివి ఏకరువు పెడుతుంటే నాకు రైలు తప్పిపోయింది. క్రైస్తవులు ప్రభువునందు నిద్రిస్తారు. నిద్రపోతే పత్రికలో వెయ్యడం దేనికని కొత్తలో అడిగి వరహాలబాబు నవ్వులపాలయ్యాడు. తర్వాత నేర్చుకున్నాడు. మరీ ఎక్కువ నేర్చుకున్నాడు.

ఒకసారి జీవరాజు తన స్నేహితుణ్ణి ఆటపట్టిస్తూ రాశాడు: "గత ఆదివారం ప్రసంగం మధ్యలో మన అబ్రహాం మాస్టారు నిద్రించారు." వరహాలబాబు దాన్ని సరదా కబుర్లలోంచి తీసి నల్లగీతల మధ్య పెట్టాడు. ప్రసంగం వింటూ పోవడం పుణ్యమే కదా అని ఆ ముక్క కూడా ఉంచాడు. జనం పూలదండలతో వెళితే మాస్టారు లుంగీతో తలుపు తీశారు. తిన్నగా ప్రెస్సుకి వచ్చి, "ఏమయ్యా వరాలూ, ఒక్కసారి తట్టి లేపకుండానే పాతేశావు!" అన్నారు.

జీవరాజు అతన్ని పనిలోంచి తియ్యలేదు. "ఇక మీదట నువ్వే వెళ్ళి కళ్ళతో చూసి రా. అప్పుడే పెట్టు. నాదైనా సరే," అన్నాడు.

అలా వరహాలబాబు ప్రతి చావింటికీ వెళ్ళాడు. ఎవరైనా పోయారంటే, "వరాలు వచ్చి చూశాడా?" అని అడిగేవారు. ఆ తర్వాత రంగుల పత్రికలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఒక నెల సంచిక రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అక్షరాలు కరిగించేవాళ్ళకి పోయాయి, చావుకబురు కోసం పేర్చి దారంతో కట్టి, ఇప్పుడీ సంచిలో ఉన్న ఒక్క కట్ట తప్ప.

"పత్రికే లేదు కదా, ఆయన కబురు ఎక్కడ వేస్తావు?" అన్నాను.

"ఒక్క కాయితం సాలు. పైని పేరుంటే పత్రికే. బూస్థాపన ఏలకి అందాల."

మోండా మార్కెట్ వెనక బ్రహ్మచారి అనే అతని ప్రింటింగ్ దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. సంచి చూసి అతను నవ్వాడు.

"సీసం అక్షరాలు అచ్చేసే ట్రెడిల్ మిషన్ ఇంకేడుంది తాతా? పాత ఇనుము కింద అమ్మేసిన. కంప్యూటర్ల కొట్టిస్తా, జెర కూసో."

వరహాలబాబు కట్ట బల్ల మీద పెట్టాడు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత జీవరాజు చావుకబురు నిలబడే చెప్పాడు. బ్రహ్మచారి టైపు కొడుతూ ఆగాడు.

"నిద్రించారు ఏందీ? మళ్ల లేస్తడా?"

"ఆళ్ళు అలాగే అనుకుంటారు."

"మరి నువ్వు?"

"నాను సూసొచ్చేను."

"స్వర్గస్థులైనారు అని పెడ్తా. అందరికీ సమజైతది."

"ఒద్దు."

కాగితం వచ్చింది. పైన 'పక్కవీధి', కింద నల్లగీతలు. చివరి అక్షరం నుంచి వెనక్కి చదువుకున్నాడు, తప్పులు పట్టే పాత అలవాటు. ఇంకొన్ని తీయించుకున్నాడు.

"టీ తాగి వెళ్దాం, నేనూ వస్తాను," అని నేను పక్క బండి దగ్గరికి వెళ్ళాను. రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి అతను కాగితాలు చంకలో పెట్టుకుని ఆకుకూరల గంపల మధ్య నుంచి బస్సు వైపు నడుస్తున్నాడు.

"ఓ తాతా, నీ సీసం!" అని బ్రహ్మచారి కేకేశాడు.

వరహాలబాబు తిరగలేదు.