ఒళ్లో పెద్ద డ్రమ్ము

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. నంద్యాల బ్యాండుమేళంలో క్లారినెట్టంటే నాకు ప్రాణం. ఆళ్లగడ్డ పెళ్లి ఊరేగింపులో అది వినడానికే వానలో బస్సెక్కాను. పక్కసీటు ముసలాయనదీ ఆ మేళమేనట. తన పెద్ద డ్రమ్ము నా ఒళ్లో పెట్టేశాడు.

“టాపు మీదేస్తే తోలు నానిపోతాది. రోంతసేపు పట్టుకోప్పా,” అని నా భుజం మీదే గుర్రుపెట్టాడు.

కాళ్లు తిమ్మిరెక్కాయి. కండక్టరేమో, “ఏందప్పా, నీ డ్రమ్ముతో దారంతా అడ్డం!” అని నన్నే కసిరాడు. ఒళ్లు మండింది. కిటికీలోంచి జల్లు కొడితే నా పైపంచె డ్రమ్ముకు కప్పి, నేను తడిశాను.

దిగాక ఆయన తోలు మీద వేలితో కొట్టిచూసి, “పొడిగానే ఉండాది,” అని వెళ్లిపోయాడు. నాకో మంచిమాటైనా లేదు.

సాయంత్రం ఊరేగింపులో అందరూ క్లారినెట్టుకు తలలూపారు. నాకు డ్రమ్మొక్కటే వినబడింది. పాడు డ్రమ్ము! ఇప్పటికీ ఏ మేళం వచ్చినా ముందు అదే వినబడుతుంది.