నేనే పెంచుకున్న కీబోర్డు ధర

ఈ రోజు కె.ఆర్.పురంలోని నారాయణప్ప పాత సామాన్ల అంగడి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

పాత కంప్యూటర్ కీబోర్డులంటే నాకు పిచ్చి. ముప్పై ఏళ్ళ కిందటివి, మీట నొక్కితే టక్కుమని మోగేవి. ఆరేళ్ళుగా వాటిని నారాయణప్ప దగ్గర తూకానికి కొంటున్నాను. ఏదీ రెండు వందలు దాటలేదు. నేను రోజూ టైపు చేసే కీబోర్డు పోయిన వారం పాడైంది. అదే రకం ఇంకొకటి ఉందని ఆయన ఫోన్ చేస్తే ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్ళాను.

"పన్నెండు వేలప్పా" అన్నాడు.

నవ్వులాటకు అంటున్నాడనుకున్నాను. ఆయన తన ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. పోయిన నెల నేను పెట్టిన పోస్టు, అంగడి ఫోటోతో సహా. ఇలాంటివి ఇక దొరకవని రాసింది నేనే.

"నువ్వు రాసినాక దినమూ ఎవరో ఒకరు వస్తా ఉండారు. ఇదొక్కటే మిగిలి ఉండాది. సాయంత్రం ఒకాయన వస్తానన్నాడు."

"ఇన్నేళ్ళుగా కొంటున్నాను, నాక్కూడా ఇదే రేటా?" అని గొడవపడ్డాను.

ఆయన కోప్పడలేదు. "ఇన్నేండ్లూ తూకానికి ఎత్తుకొని పోయినావు. దీని వెల నీకు తెలుసు కదప్పా. ఒక్క దినమన్నా నాకు చెప్పినావా?"

కీబోర్డు అక్కడే వదిలేసి బయటపడ్డాను. ట్రాఫిక్‌లో రెండు గంటలు ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. ఇల్లు చేరేసరికి ఆ తిట్లలో సగం నాకే తగిలాయి.

మీరే చెప్పండి, ఆయన అడిగింది తప్పా? అవునని ఒక్కరైనా అంటే నాకు కాస్త నిద్ర పడుతుంది.