ఒక పూట రాణి చివరి హుకుం

మా నాన్న ఒక పూట రాణిగా ఉన్నాడు. మా ఊరికి ఇంకా కరెంటు రాని రోజులు. ఎడ్లను పూజించే పొలాల పండుగ మరునాడు ఎడ్లతో పాటు మనుషులకూ పని ఉండేది కాదు. చావడి ముందు పగటిపూటే మా ఊరివాళ్లు భాగోతం ఆడేవారు. ఆ ఏడు రాణి వేషం నాన్నకు పడింది. మీసం తీసేశాడని అమ్మ అలిగింది. అలిగి కూడా తన పెళ్లి చీరే తీసి కట్టింది.

కథ చిన్నదే. రాణి తన గుర్రాలవాణ్ణి మనువాడుతుంది, మంత్రులు మండిపడి ఆమెను గద్దె దించుతారు. ఆ కథ మా మేనత్తకు నచ్చలేదు. ఎందుకు నచ్చుతుంది? భర్త పోయాక ఆమె కులపెద్దను అడగకుండా, నాయ్‌గావ్ బజారుకు పత్తిబండి తోలే మనిషిని మారుమనువు చేసుకుంది. అప్పటినుంచి ఏ పెళ్లిలోనూ పెళ్లికూతురి కొంగులో ఒడిబియ్యం పోయడానికి ఆమెను పిలవలేదు. పాటలు పాడటానికి మాత్రం కబురు పెట్టేవారు! తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆటలో రాణి పెళ్లయింది. మా ఆడవాళ్లకు ఆటలో పెళ్లయినా పెళ్లే. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రైక ముక్క పళ్లెంలో పెట్టుకుని నిజంగానే ఒడి నింపడానికి లేచారు. అత్త గోడ దగ్గరే నిలబడిపోయింది. అది చూసి నాన్న చాచిన కొంగు ముడిచేసి, గద్దెగా వేసిన పటేలు ఇంటి కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

“రాణికి పుట్టిల్లు లేదా? ముందుగాల మా అక్క పొయ్యాలె. అందాక నేను గద్దె దిగ.”

ప్రధానమంత్రి వేషంలో ఉన్నది సాక్షాత్తూ కులపెద్దే. రాణి దిగకపోతే ఆయన పాట మొదలుకాదు. ఎండకు చెమటపట్టి దూది గడ్డం జారిపోతోంది. రాణి కదలదు, జనం నవ్వు ఆపరు. చివరికి ఆయనే అత్త వైపు తిరిగాడు.

“జర పోసెయ్ చెల్లె. నా గడ్డం ఊడుతున్నది.”

అత్త నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ వచ్చి దోసిళ్లతో పోసింది. తర్వాత రాణిని గద్దె దించారు. నాన్న బియ్యం రాలుస్తూ సంతోషంగా దిగిపోయాడు.

తర్వాత వచ్చిన ఎండాకాలంలో కులపెద్ద కూతురి పెళ్లి. అత్త అలవాటుగా పాటలవాళ్ల మధ్య కూర్చుంది. కులపెద్ద భార్య వచ్చి ఆమె చేతిలో పళ్లెం పెట్టింది.

“మొగోని ఒడి నింపినవు. నా బిడ్డది నింపవా?”

పందిట్లో అందరికంటే గట్టిగా నవ్వింది నాన్నే. అప్పటికి మీసం మళ్లీ వచ్చేసింది.